రామెన్ (పదం)

రామెన్ అనేది ఆంగ్ల భాషలో స్థిరపడిన ఒక అన్యదేశ్య పదం. గోధుమపిండితో చేసిన సన్నని, పొడవైన నూడుల్స్‌ను వేడి రసంలో వేసి, పైన మాంసం, గుడ్డు, కూరగాయలు, సముద్రపు నాచు వంటివి చేర్చి వడ్డించే జపనీయ వంటకానికి ఇది పేరు. అదే ఆంగ్లంలో, ముఖ్యంగా అమెరికాలో, మరుగునీటిలో రెండు మూడు నిమిషాలలో ఉడికే చవకైన పొట్లపు నూడుల్స్‌కు కూడా ఇదే పేరు వాడుకలో ఉన్నది. ఈ విధంగా ఒకే పదం ఒకవైపు గంటల తరబడి శ్రమించి వండే వంటకాన్ని, మరొకవైపు పేద విద్యార్థి భోజనాన్ని సూచించడం ఈ పదం ప్రత్యేకత. ఈ రెండు అర్థాలు ఎలా ఏర్పడినవో తెలియాలంటే చైనా నుండి జపానుకు, జపాను నుండి అమెరికాకు సాగిన ఈ పదం ప్రయాణాన్ని పరిశీలించాలి.

వ్యుత్పత్తి

ఆంగ్లంలోని రామెన్ జపనీయ భాష నుండి వచ్చినది. జపనీయ పదానికి మూలం చైనా భాషలోని "లామియెన్" అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇందులో "లా" అంటే లాగుట. "మియెన్" అంటే గోధుమపిండి, లేదా దానితో చేసిన నూడుల్స్. కనుక లామియెన్ అంటే చేతులతో లాగి, సాగదీసి చేసిన నూడుల్స్ అని అర్థం. పిండిముద్దను రెండు చేతులతో సాగదీసి, మడిచి, మరల సాగదీస్తూ పోతే ఒక పోగు రెండుగా, రెండు నాలుగుగా, నాలుగు ఎనిమిదిగా పెరుగుతాయి. వాయవ్య చైనాలోని లాంజౌ నగరం ఈ పద్ధతికి ప్రసిద్ధి. జపాను రామెన్‌లో నూడుల్స్‌ను సాధారణంగా లాగరు. పిండిని పలుచగా ఒత్తి కత్తిరిస్తారు. అనగా పేరు మిగిలినది గాని, ఆ పేరుకు కారణమైన పని మారిపోయినది.

"లా" అన్నది "రా"గా మారడానికి కారణం జపనీయ ధ్వనులు. తెలుగులో ర, ల వేర్వేరు అక్షరాలు. "కర", "కల" అనే మాటలకు అర్థాలు వేరు. జపనీయ భాషలో ఈ రెండింటి స్థానంలో ఒకే ధ్వని ఉన్నది. అది మన "ర"కు దగ్గరగా వినబడుతుంది. అందువలన విదేశీ పదాలలోని "ల" కూడా జపనీయుల నోట "ర"గానే పలుకుతుంది. రెండవ భాగమైన "మెన్" మాత్రం నూడుల్స్‌కు జపనీయ భాషలో చాలాకాలంగా ఉన్న మాటయే. అదియును పూర్వకాలంలో చైనా నుండి వచ్చినదే.

జపనీయ ఉచ్చారణలో మొదటి అచ్చు దీర్ఘం, చివరి నకారం విడిగా ఒక మాత్ర కాలం పలుకుతుంది. కనుక ఆ పదంలో నాలుగు మాత్రలు ఉంటాయి. తెలుగు ఛందస్సు ప్రకారం చూచినా "రా" గురువు, పొల్లు హల్లుతో కూడిన "మెన్" గురువు. మొత్తం నాలుగు మాత్రలే. అందుచేత "రామెన్" అని తెలుగులో రాసి, రాసినట్లు చదివితే జపనీయ ఉచ్చారణకు చాలా దగ్గరగా ఉంటుంది.

పాత పేర్లు

ఈ వంటకానికి మొదట్లో రామెన్ అనే పేరు విస్తారంగా లేదు. 19వ శతాబ్దం చివరిలో యొకొహామా వంటి రేవు పట్టణాలలో స్థిరపడిన చైనీయులు వండే నూడుల్స్‌ను జపనీయులు "నాన్‌కిన్ సోబా" అన్నారు. నాన్‌కిన్ అనగా చైనాలోని నాన్‌జింగ్ నగరం. సోబా అనేది జపానులో నూడుల్స్‌కు పూర్వం నుండి ఉన్న పేరు. 1910లో టోక్యోలోని అసకుసా ప్రాంతంలో ఒజాకి కన్‌ఇచి అనే వ్యాపారి "రాయ్‌రాయ్‌కెన్" అనే భోజనశాలను తెరచి, యొకొహామా నుండి చైనా వంటవారిని రప్పించాడు. జపానులో సామాన్య జనానికి ఈ వంటకాన్ని పరిచయం చేసిన తొలి భోజనశాలలలో దీనిని పేర్కొంటారు.

ఆ కాలంలో ఈ వంటకాన్ని "షినా సోబా" అని పిలిచేవారు. షినా అంటే చైనా. సంస్కృతంలోని "చీన" శబ్దం బౌద్ధ గ్రంథాల ద్వారా చైనాకు చేరి, అక్కడి నుండి జపానుకు వెళ్ళి "షినా" అయినది. తెలుగులో పట్టువస్త్రాన్ని తెలిపే "చీనాంబరము" అనే పదంలో ఉన్నదియును ఈ శబ్దమే. మొదట ఇందులో నింద ఏమీ లేదు. కాని జపాను సైన్యం చైనాపై దండెత్తి, ఆ దేశ ప్రజలను హీనంగా చూచిన రోజులలో ఈ మాటకు తిరస్కార భావం అంటుకున్నది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, 1946లో జపాను విదేశాంగ శాఖ ఈ పదాన్ని వాడవద్దని సూచించినది. దానితో షినా సోబా స్థానంలో "చూకా సోబా" అనే పేరు వచ్చినది. దీనికి కూడా చైనా నూడుల్స్ అనియే అర్థం. కాని ఇందులో అవమానం లేదు. ఒక మాట దానంతట అది మంచిది గాని చెడ్డది గాని కాదనీ, దానిని పలికినవారు ఎదుటివారితో ఎలా ప్రవర్తించారన్నదే దాని విలువను మారుస్తుందనీ ఈ పేరు మార్పు తెలుపుతున్నది.

రామెన్ అనే పేరు హొక్కైడో ద్వీపంలోని సప్పొరో నగరంలో, 1920 దశకంలో, ఒక భోజనశాలలో మొదలైనదని ఒక కథనం. ఇతర కథనాలు కూడా ఉన్నవి. ఏది ఏమైనను ఆ పేరు జపాను అంతటా వ్యాపించినది మాత్రం 1958 తరువాతనే.

పొట్లంలోకి చేరిన పదం

యుద్ధానంతరం జపానులో బియ్యం కొరత తీవ్రంగా ఉండెడిది. 1945 నుండి 1952 వరకు సాగిన అమెరికా సైనిక పాలనలో పెద్ద మొత్తంలో గోధుమలు దిగుమతి అయినవి. చైనా నుండి తిరిగివచ్చిన జపనీయులలో కొందరు అక్కడ నేర్చిన నూడుల్స్ వంటతో తోపుడు బండ్లు పెట్టుకుని జీవించారు. 1954లో అమెరికా చేసిన పి.ఎల్. 480 చట్టం కింద కూడా జపానుకు గోధుమలు అందినవి. ఇదే చట్టం కింద భారతదేశానికి వచ్చిన గోధుమలు పాత తరం తెలుగువారికి గుర్తుండే ఉంటాయి.

ఈ పరిస్థితులలో మొమొఫుకు అండో (1910 - 2007) ఎవరైనా ఇంటిలో సులభంగా వండుకొనగల నూడుల్స్ తయారుచేయాలని సంకల్పించాడు. ఇతడు అప్పటికి జపాను పాలనలో ఉన్న తైవానులో జన్మించాడు. పుట్టినప్పటి పేరు వూ బైఫు. ఉడికించి, రుచి పట్టించిన నూడుల్స్‌ను మరుగుతున్న నూనెలో వేస్తే అందులోని నీరు ఆవిరై పోయి, సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. తేమ లేనందున అవి చాలాకాలం నిలువ ఉంటాయి. వేడినీరు పోయగానే ఆ రంధ్రాలలోనికి నీరు చేరి నూడుల్స్ మరల మెత్తబడతాయి. ఈ పద్ధతిలో తయారైన "చికిన్ రామెన్" 1958 ఆగస్టు 25న మార్కెట్టులోకి వచ్చినది. అప్పట్లో పొట్లం ధర 35 యెన్‌లు. పచ్చి ఊడోన్ నూడుల్స్ కంటే చాలా ఎక్కువ. అనగా నేడు చవకదనానికి గుర్తుగా ఉన్న వస్తువు పుట్టిననాడు ఖరీదైనదే.

ఈ పొట్లంపై ఉన్న పేరు ప్రకటనల ద్వారా దేశమంతటా వినబడినందున, అంతవరకు చూకా సోబా అన్నవారు కూడా రామెన్ అనడం అలవాటు చేసుకున్నారు. 1971 సెప్టెంబరు 18న అండో సంస్థ "కప్ నూడుల్" అనే పేరుతో కప్పులోని నూడుల్స్‌ను విడుదల చేసినది.

ఆంగ్లంలో ప్రవేశం

అండో స్థాపించిన నిస్సిన్ సంస్థ 1970లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో తన శాఖను నెలకొల్పి, తరువాత "టాప్ రామెన్" అనే పేరుతో పొట్లాలను అమ్మనారంభించినది. జపాను గురించిన రచనలలో ఈ పదం అంతకుముందే ఆంగ్లంలో కనిపించినా, సామాన్య అమెరికా పౌరుని నోటికి చేరినది ఈ పొట్లాల వల్లనే. కాబట్టి జపానులో గిన్నె ముందు, పొట్లం తరువాత. ఆంగ్లంలో పొట్లం ముందు, గిన్నె తరువాత. ఈ తారుమారు వల్లనే ఆంగ్ల పదానికి చవకదనం అనే ఛాయ అంటుకున్నది.

రెండవ అర్థం బలపడడానికి మరికొంత కాలం పట్టినది. 1985లో జూజో ఇతామి దర్శకత్వంలో వచ్చిన "తంపొపొ" అనే జపనీయ చలనచిత్రం, మంచి రామెన్ వండడం నేర్చుకునే ఒక స్త్రీ కథ ద్వారా ఈ వంటకం వెనుక ఉన్న శ్రమను పాశ్చాత్యులకు చూపినది. 2004లో న్యూయార్కు నగరంలో డేవిడ్ చాంగ్ "మొమొఫుకు నూడుల్ బార్" తెరచిన తరువాత అమెరికా నగరాలలో రామెన్ భోజనశాలలు విరివిగా వెలిసినవి. 2015 డిసెంబరులో టోక్యోలోని "త్సుతా" అనే రామెన్ భోజనశాలకు మిషెలిన్ నక్షత్రం లభించినది. రామెన్ భోజనశాలకు ఈ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

ఉచ్చారణ, వ్యాకరణం

ఆంగ్లంలో మొదటి అక్షరంపై ఊనిక ఉండి, రెండవ అక్షరం తేలిపోతుంది. కనుక అది తెలుగు చెవికి "రామన్" అని వినబడుతుంది. శాస్త్రవేత్త సి. వి. రామన్ పేరుతో గాని, ఆయన కనుగొన్న రామన్ ఎఫెక్టుతో గాని దీనికి ఎట్టి సంబంధమూ లేదు. ఆంగ్ల వర్ణక్రమంలో రెండింటికీ తేడా ఒక్క అచ్చు మాత్రమే. వంటకం పేరులో రెండవ అచ్చు ఎకారాన్ని తెలిపే అక్షరం. శాస్త్రవేత్త పేరులో అకారాన్ని తెలిపే అక్షరం.

ఆంగ్ల వ్యాకరణంలో ఇది లెక్కింపరాని నామవాచకం. అన్నం, పాలు వంటి పదార్థాల పేర్ల వలె దీనిని ఏకవచనంలో వాడతారు. పరిమాణం చెప్పవలసినప్పుడు "ఒక గిన్నె రామెన్", "రెండు పొట్లాల రామెన్" అంటారు. భోజనశాలలో వడ్డించేవారు "రెండు రామెన్‌లు" అన్న అర్థంలో బహువచన ప్రత్యయం చేర్చడం సంభాషణలో వినబడుతుంది గాని, రచనలో అరుదు. నూడుల్స్ అనే మాట ఇందుకు భిన్నం. అది జర్మను భాష నుండి ఆంగ్లంలోకి వచ్చినది. సాధారణంగా బహువచనంలో ఉంటుంది. తెలుగులో కూడా "నూడుల్స్ బాగున్నాయి" అని బహువచనంలోను, "రామెన్ బాగుంది" అని ఏకవచనంలోను అనడం సహజంగా ఉంటుంది.

అమెరికాలో "రామెన్ నూడుల్స్" అనే జంటపదం విరివిగా వాడతారు. "మెన్" అంటేనే నూడుల్స్ కనుక ఇది పునరుక్తి. అయితే అన్యదేశ్యాలలో ఇది సాధారణమే. మూలభాష తెలియనివారికి అర్థం స్పష్టం కావడానికి స్వభాషా పదాన్ని చేర్చుతారు. ఆంగ్లంలో "చాయ్ టీ", "నాన్ బ్రెడ్" అనేవి ఇటువంటివే. తెలుగులో "నడి" అన్నా "మధ్య" అన్నా ఒకటే అయినప్పటికీ "నడిమధ్య" అనడం ఈ కోవలోనిదే. కనుక రామెన్ నూడుల్స్ అనే ప్రయోగాన్ని తప్పుగా భావించనక్కరలేదు.

విస్తరించిన అర్థాలు

ఒక అన్యదేశ్యం కొత్త భాషలో పూర్తిగా కుదురుకున్నదనడానికి గుర్తు, అది అసలు వస్తువును దాటి అలంకారికంగా కూడా వాడబడడం. ఆంగ్లంలో రామెన్ ఈ దశకు చేరినది.

విద్యార్థుల విషయంలో: "రామెన్‌తో బ్రతుకుతున్నాడు" అంటే చేతిలో డబ్బు లేక అతి పొదుపుగా కాలం గడుపుతున్నాడని అర్థం. తెలుగులో "గంజి తాగి బ్రతుకుతున్నాడు" అనే మాటకు ఇది దగ్గర. అయితే గంజి మాట చాలాకాలపు పేదరికాన్ని సూచిస్తే, రామెన్ మాట చదువు ముగిసే వరకు ఉండే తాత్కాలిక ఇబ్బందిని ఎక్కువగా సూచిస్తుంది.

వ్యాపార రంగంలో: 2009లో పాల్ గ్రాహం అనే రచయిత తన వ్యాసంలో, కొత్తగా పెట్టిన సంస్థ దానిని స్థాపించినవారి కనీస జీవన వ్యయానికి సరిపడునంత మాత్రమే సంపాదించే స్థితిని రామెన్ పేరుతో వివరించాడు. ఈ ప్రయోగం కంప్యూటర్ రంగంలో ప్రచారంలోకి వచ్చినది.

కారాగారాలలో: అమెరికాలోని ఒక కారాగారంపై సామాజిక శాస్త్రవేత్త మైఖేల్ గిబ్సన్-లైట్ చేసిన పరిశోధన 2016లో వెలువడినది. ఖైదీల మధ్య వస్తు మార్పిడిలో పొగాకు స్థానాన్ని రామెన్ పొట్లాలు ఆక్రమించినట్లు అందులో తేలినది. కారాగారంలో పెట్టే భోజనం పరిమాణం, నాణ్యత తగ్గిపోవడమే దీనికి కారణమని ఆ పరిశోధకుడు వివరించాడు. అక్కడ ఈ పదం పరిహాసానికి సంబంధించినది కాదు, ఆకలికి సంబంధించినది.

సోదర పదాలు

చైనా భాషలోని "మియెన్" అనే ఒక్క పదం వివిధ మార్గాలలో ఆంగ్లానికి చేరి వేర్వేరు రూపాలలో కనిపిస్తుంది.

లామియెన్: చైనా ప్రామాణిక భాష నుండి నేరుగా వచ్చినది. చేతితో లాగిన నూడుల్స్‌కు మాత్రమే వాడతారు.

రామెన్: జపాను ద్వారా వచ్చినది.

రామ్యోన్: కొరియా ద్వారా వచ్చినది. కొరియాలో 1963లో సమ్‌యాంగ్ సంస్థ జపాను సాంకేతిక సహాయంతో పొట్లపు నూడుల్స్ తయారీని ప్రారంభించినది. కొరియాలో ఈ మాటకు సాధారణంగా పొట్లపు నూడుల్స్ అనే అర్థం.

చౌ మెయిన్, లో మెయిన్: దక్షిణ చైనా నుండి అమెరికాకు వలస వెళ్ళినవారి మాండలికాల ద్వారా వచ్చినవి. "చౌ" అనగా వేయించుట.

మీ: ఆగ్నేయ చైనాలోని హొక్కియెన్ మాండలికం ద్వారా మలేషియా, సింగపూరులకు చేరిన రూపం. "మీ గోరెంగ్" అనగా వేయించిన నూడుల్స్.

చైనా భాషలో "మియెన్" అనేది గోధుమతో చేసినవాటికే వర్తిస్తుంది. బియ్యపుపిండితో చేసినవాటికి "ఫెన్" అనే వేరొక మాట ఉన్నది. వియత్నాముకు చెందిన "ఫో"లో వాడేవి బియ్యపు నూడుల్స్ కనుక, చూడడానికి పోలిక ఉన్నా అది రామెన్ కాదు.

2019లో వచ్చిన కొరియా చలనచిత్రం "పారసైట్" ఆంగ్ల ఉపశీర్షికలలో "రామ్‌డాన్" అనే కొత్త మాట కనిపించినది. రెండు రకాల పొట్లపు నూడుల్స్ కలిపి చేసే "చపగురి" అనే వంటకాన్ని విదేశీ ప్రేక్షకులకు తెలియజేయడానికి అనువాదకుడు డార్సీ పాకెట్ రామెన్, ఊడోన్ అనే రెండు జపనీయ పదాలను జోడించి దీనిని కల్పించాడు. కొరియా వంటకానికి ఆంగ్లంలో పేరు పెట్టడానికి జపనీయ మాటలు అవసరమైనవంటే, అవి ఆంగ్లంలో ఎంతగా వేళ్ళూనినవో ఊహించవచ్చును.

వంటకం రకాలు

రామెన్ రసం పేర్లు కూడా ఆంగ్ల భోజనశాలల పట్టికలలో అలాగే కనిపిస్తాయి. షోయు అంటే సోయా రసం, షియో అంటే ఉప్పు, మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద. టొంకొత్సు అంటే పంది ఎముకలు. వీటిని గంటల తరబడి మరిగించగా పాలవంటి తెల్లని చిక్కని రసం వస్తుంది. ఇది క్యూషూ ద్వీపంలో పుట్టినది. పంది మాంసపు ముక్కను వేయించి చేసే "టొంకత్సు" వేరొక వంటకం. ఒక్క అచ్చు తేడాతో అర్థం మారుతుంది.

నూడుల్స్‌కు పసుపు రంగు, సాగే గుణం రావడానికి కారణం పిండిలో కలిపే "కన్‌సుయి" అనే క్షారజలం. పసుపు రంగును చూచి గుడ్డు కలిసినదని అనుకోవడం అన్ని వేళలా సరికాదు. అలాగే పైన కూరగాయలు మాత్రమే కనిపించినంత మాత్రాన అది శాకాహారమని భావించరాదు. మిసో, షోయు రకాలలో కూడా రసం సాధారణంగా కోడి, పంది ఎముకలతో గాని, ఎండు చేపలతో గాని తయారవుతుంది. విదేశాలలో చదువుకునే శాకాహారులు వంటకం పేరును బట్టి కాక, రసం దేనితో చేసినదో అడిగి తెలుసుకోవడం అవసరం.

భారతదేశంలో

భారతదేశంలో పొట్లపు నూడుల్స్ 1983లో మ్యాగీ పేరుతో ప్రాచుర్యంలోకి వచ్చినవి. నిస్సిన్ సంస్థ "టాప్ రామెన్" పొట్లాలు 1991లో ఇక్కడి మార్కెట్టులోకి వచ్చినవి. అయితే తెలుగునాట రామెన్ అనే మాట చాలాకాలం ఒక సరుకు పేరులోని భాగంగానే మిగిలినది గాని, వంటకం పేరుగా స్థిరపడలేదు. ఏ సంస్థ పొట్లమైనను "మ్యాగీ" అనడమో, "నూడుల్స్" అనడమో పరిపాటి. తరువాతి కాలంలో "నరుటో" వంటి జపనీయ చిత్రకథల వలన, కొరియా ధారావాహికల వలన యువతకు ఈ మాట అసలు అర్థంలో పరిచయమైనది. నరుటో కథానాయకునికి రామెన్ ప్రియమైన ఆహారం. అతని పేరు కూడా రామెన్‌పై ఉంచే, సుడి గుర్తు గల చేపముద్ద బిళ్ళ పేరే.

ప్రపంచంలో 2022 సంవత్సరంలో అమ్ముడైన పొట్లపు, కప్పు నూడుల్స్ 12,000 కోట్లకు పైగా ఉన్నవని ప్రపంచ ఇన్‌స్టంట్ నూడుల్స్ సంఘం లెక్క. ఇవి అన్నియు రామెన్ అనే పేరుతో అమ్ముడైనవి కావు. కాని వీటన్నిటి తయారీ పద్ధతికి మూలం 1958 నాటి ఆ పొట్లమే. చైనా వలసదారుల వంటగా జపానులో చిన్నచూపుకు గురై, పేరు మార్చుకుని, జపాను జాతీయ వంటకంగా ఆంగ్లంలో ప్రవేశించిన ఈ పదం, నేడు ఆంగ్ల నిఘంటువులలో జపనీయ పదంగానే నమోదై ఉన్నది. దాని వెనుకనున్న చైనా మూలం వ్యుత్పత్తి చూచినవారికి మాత్రమే తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

నూడుల్స్
సేమియా
మొమొఫుకు అండో
జపనీయ భాష
అన్యదేశ్యాలు